వాడపల్లికి పోని జాడీ

ఆ ఆదివారం తెల్లవారేసరికి ఆకాశం పిండకుండా ఆరేసిన దుప్పటిలా వేలాడుతోంది. వాన పడుతోందని అనలేం, పడటం లేదనీ అనలేం. ముసురు. సూర్యుడు ఎటునుంచి వస్తున్నాడో తేల్చుకోలేక ఆత్మకూర్ (ఎస్) లో కోళ్లు కూడా ఆలస్యంగా కూశాయి.

వెంకటేశం మాత్రం నాలుగింటికే లేచాడు. ఏడింటికల్లా సూర్యాపేట చేరాలి, అక్కడ మిర్యాలగూడ బస్సెక్కాలి, పదింటికి ఫంక్షన్ హాల్లో ఉండాలి. హైదరాబాదు నుంచి ఎవరో వేలం కంపెనీ వాళ్లు, చూసి చెప్పే మేడంతో సహా, వస్తున్నారు. జనం ఇళ్లలో ఉన్న పింగాణీ సామాను చూసి, పాతదైతే పాతదని చెప్పి, నచ్చినవాటిని అక్కడి వేలానికి తీసుకుపోతారు. వెంకటేశం తన జాడీని వాళ్లకు చూపించాలి. మోకాలెత్తు జాడీని బస్సులో తీసుకుపోవడం, చూపించడం, రావడం. ఇందులో చెడిపోవడానికి ఏముంది అనుకున్నాడు.

వెంకటేశం పని మోటారు వైండింగు. కాలిపోయిన బోరు మోటార్లకు కొత్త తీగ చుట్టి బతికిస్తాడు. తొమ్మిదేళ్ల కింద ఒక పాత స్టార్టరు డబ్బా విప్పితే పింగాణీ ఫ్యూజు ఒకటి చేతికొచ్చింది. తెల్లగా, చల్లగా, లేగదూడ మూతిలా నున్నగా ఉంది. పారేయబుద్ధి కాక జేబులో వేసుకున్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఫ్యూజుల తర్వాత కరెంటు స్తంభాల మీది పింగాణీ చిప్పలు వచ్చాయి. వాటి వెనక చెవి విరిగిన కప్పులు, కప్పులు లేని సాసర్లు, పచ్చడి జాడీలు. మూతపడ్డ హోటలుదో పాడుబడ్డ బంగళాదో సామాను వేలం పాట ఉందంటే చాలు, కాలుతున్న మోటారును కూడా వదిలేసి పోయేవాడు. ఊరు ఆయనకు ‘పెంకుల వెంకటేశం’ అని పేరు పెట్టింది. ఆ పేరుతోనే దుకాణానికి గిరాకీ వస్తోంది గనుక ఆయనా ఏమీ అనలేదు.

పెంకులన్నీ ఇంట్లో ఉన్న ఒకే ఒక గది, ఆ అర్రలో చేరాయి. ఆయన భార్య సక్కుబాయి ఊరందరికీ జాకెట్లు కుడుతుంది. ఆమె కుట్టుమిషను మాత్రం వసారాలో ఉంటుంది. జల్లు కొట్టినప్పుడల్లా బట్టలు ఎత్తుకుని పరుగెత్తాలి. మొన్న పెళ్లికూతురి జాకెట్టు ఒకటి తడిసి రంగు దిగింది. ఆ రాత్రి ఆమె అరవలేదు. అరవకపోవడంతోనే వెంకటేశం భయపడ్డాడు.

“ఒక మాట సెప్త, ఇను” అంది. “ఆ హైదరాబాద్ మేడం నీ జాడీని పాతదే అన్నదనుకో, అర్ర నీదే. నేను సచ్చేదాంక అడుగ. కాదన్నదనుకో, అదే దినం పొద్దుగూకేవరకు పెంకులన్ని బయట, నా మిషిన్ లోపట.”

“ఒప్పుకున్న” అన్నాడు వెంకటేశం. ఒప్పుకోక ఏం చేస్తాడు? న్యాయం ఆమె వైపు ఉంది. ఆయన వైపు జాడీ ఉంది.

ఆ జాడీ మామూలుది కాదని ఆయన నమ్మకం. రెండేళ్ల కింద కోదాడలో పాత లాడ్జి ఒకటి మూసేసి సామాను వేలం వేస్తే పాడుకున్నాడు. పోటీకి వచ్చింది మత్తయ్య. కోదాడలో డ్రాయింగ్ మాస్టరుగా చేసి రిటైరైన మనిషి, ఈ పిచ్చిలో వెంకటేశం కంటే పదేళ్లు సీనియరు. మత్తయ్య నాలుగు పాటల దాకా వచ్చి, జాడీని ఒకసారి పడుకోబెట్టి చూసి, నవ్వి తప్పుకున్నాడు. ఓడిపోయినవాడి నవ్వు అది అనుకున్నాడు వెంకటేశం. అప్పటినుంచి మోటార్లు తెచ్చిన రైతులందరికీ జాడీ చరిత్ర చెప్పేవాడు. సముద్రం అవతలి దేశంలో పుట్టింది, ఓడలో బందరుకు వచ్చింది, పడవలో కృష్ణ మీద వాడపల్లి చేరింది, అక్కడినుంచి ఎడ్లబండిలో కోదాడ. పైనుంచి కిందికి జాడీకి సన్నటి గీత ఒకటి ఉంది. “ఓడల తాడు కట్టిన గుర్తు” అని వేలుపెట్టి చూపించేవాడు. రైతులు తలూపేవాళ్లు. మోటారు ఆయన దగ్గర ఉంది మరి.

ఆ పొద్దున అర్రలోకి వెళ్లి, జాడీ మీది గుడ్డ తీసి, లైటు వేశాడు. జాడీ బొజ్జ మీద గుండ్రటి అక్షరాలు కనిపించాయి.

‘వెంకటేశం, సక్కుబాయి, ఆత్మకూర్ (ఎస్)’. కింద నిన్నటి తేదీ. తేదీ పక్కన ఐదు రేకుల పువ్వు.

“సక్కూ!”

“ఏంది పొద్దుగాల్నే?” సక్కుబాయి కొప్పు ముడుచుకుంటూ వచ్చింది.

“గిదేంది?”

“పేర్లు. నిన్న జానయ్య వొచ్చిండు, గిన్నెల మీద పేర్లు కొట్టేటాయన. మిషిన్ తోని కొట్టిపిచ్చిన.”

“జాడీ మీదనా?”

“మరి ఊరు గాని ఊరు పోవట్టె. ఆడికి ఎందరో తెస్తరు. జాడీలన్ని ఒక్కతీర్గ ఉంటయ్. కలిసిపోతే ఏది నీదో ఎట్ల గుర్తుపడ్తవ్? మా తమ్ముని పెండ్లిల పేర్లు లేకనే రెండు గంగాళాలు పాయె.”

ఆ ఇంట్లో గరిటెకు పేరుంది, చెంబుకు పేరుంది. పేరు లేకుండా గడప దాటిన గిన్నె ఏదీ తిరిగి రాదని ఆమెకు తెలుసు. రెండేళ్లలో ఆ జాడీకి ఆమె చేసిన మొదటి మేలు ఇది. మేలుకు తిట్టడం ఎలా?

“ఈ పువ్వేంది?” అన్నాడు చివరికి.

“పువ్వుకు పైసల్ తీస్కోలే. మంచిగున్నదని ఏసిండు.”

టైము ఐదు. వెంకటేశం బుర్ర తనకు తెలిసిన దారిలోనే నడిచింది. పేర్లు పూడ్చేద్దామని ఇటుక పొడిలో మోటారు వార్నీషు కలిపి అక్షరాల్లో నింపాడు. పైన ఇంకో పూత వేశాడు. వైండింగు ఆరబెట్టినట్టే జాడీ లోపల రెండొందల వాట్ల బల్బు వేలాడదీశాడు. ఎండ ఉంటే గంటలో ఆరే సరుకు. ముసురుకు ఆరున్నరైనా వేలు పెడితే వేలు వస్తోంది, వార్నీషూ వెంట వస్తోంది. ఇక ఆగితే బస్సు పోతుంది. చేతికి అందిన పాత పేపరు చుట్టాడు. మూత అదరకుండా సక్కుబాయి ఇచ్చిన ఎర్ర జాకెట్టు గుడ్డ ముక్కతో మూతి బిగించి కట్టాడు. జాడీని యూరియా సంచిలో దింపుకుని ఆటో ఎక్కాడు.

సూర్యాపేటలో మిర్యాలగూడ బస్సు కిక్కిరిసి ఉంది. సీట్లన్నీ ఆడవాళ్లవి. వెంకటేశం సంచిని కాళ్ల మధ్య పెట్టుకుని రాడ్డు పట్టుకుని నిలబడ్డాడు. ఊరు దాటేసరికి ఆయనకు కొత్త భయం పట్టుకుంది. ఆరని వార్నీషు మీద పేపరు. అది అంటుకుంటే? మోటార్ల పనిలో ఈ సంగతి ఆయనకు ముప్పై ఏళ్లుగా తెలుసు. ఈ పొద్దున్నే గుర్తు రాలేదు.

సంచి మూతి కిందికి జరిపి పేపరు లాగాడు. పక్కల ఉన్నది చిరిగి చేతికొచ్చింది. బొజ్జ మీదిది రాలేదు. గోటితో గీకాడు. ఊహూ. అప్పుడు చూశాడు, జాడీ మీదినుంచి పెద్ద మీసాల మనిషి ఒకాయన తనవైపే చూస్తున్నాడు. పేపర్లో వేయించిన శ్రద్ధాంజలి ప్రకటన. పేరున్న భాగం చిరిగిపోయి మీసాలు మిగిలాయి. వాటి కింద ‘మిమ్మల్ని మరువలేని కుటుంబ సభ్యులు’ అన్న లైను ఒకటి.

“లగేజీ టికెట్ తీస్కోవాలె, ఏంది గది?” అంటూ కండక్టర్ వచ్చాడు. వంగి చూశాడు. గొంతు తగ్గింది. “మిమ్మల్ని మరువలేని కుటుంబ సభ్యులు...” అని చదివి ఇంకా కిందికి వంగాడు. వార్నీషుకు నాని పారదర్శకమైన కాగితం కింద నుంచి, జానయ్య చెక్కిన అక్షరాలు ఇటుక రంగులో పైకి తేలాయి. “వెంకటేశం, సక్కుబాయి. నీ పేరేంది పెద్దమనిషీ?”

“వెంకటేశం.”

కండక్టర్ టికెట్ మిషను చంకలో పెట్టుకున్నాడు. “లగేజీ వద్దుతియ్” అని వెనక్కి తిరిగి, “జర జాగియ్యుండ్రమ్మా! తండ్రి బొక్కలు వాడపల్లికి కొంటవోతుండు” అని కేకేశాడు.

మూసీ కృష్ణలో కలిసే చోటు వాడపల్లి. అక్కడ అస్థికలు కలపడానికి జనం ఈ బస్సులోనే పోతుంటారు. ఎర్రగుడ్డ కట్టిన మూతి, మీద ఫొటో, మాట్లాడని మనిషి. ఇంకేం కావాలి? మూడు సీట్లు ఒకేసారి ఖాళీ అయ్యాయి. తొమ్మిదేళ్లలో పెంకుల వల్ల వెంకటేశానికి దక్కిన మొదటి మర్యాద అది. వద్దనే లోపలే కూర్చోబెట్టారు, జాడీని ఒళ్లో పెట్టారు.

పక్కన మంగ్లీ అనే ముసలామె, తండా నుంచి బంతిపూల గంప తీసుకుని మిర్యాలగూడలో అమ్మడానికి పోతోంది. ఫొటోను చూసి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

“మీ నాయినేనా బిడ్డా? ఎప్పుడు పోయిండు?”

అబద్ధం వెంకటేశానికి చేతకాదు. నాయన ఎప్పుడు పోయాడో అంతవరకే చెప్పాడు. “ఇరవై ఏండ్లాయె.”

ముందు సీట్ల దాకా తలలు వెనక్కి తిరిగాయి.

“ఇరవై ఏండ్ల సంది గంగల కలపలేదా!” అంది మంగ్లీ.

“అన్నదమ్ముల పంచాయితి గావొచ్చు” అన్నాడు వెనకనుంచి ఒకాయన.

“గింత పెద్ద జాడీ ఎందుకో?”

“మనిషి దొడ్డోడు. ఆ మీసాలు సూస్తలెవ్వా?”

“అట్ల కాదు, ఇది అది కాదు” అన్నాడు వెంకటేశం. “ఈ జాడీని మిర్యాలగూడల ఒక మేడంకు సూపియ్యాలె. పాతదా కాదా ఆమె సెప్తది.”

మంగ్లీ అర్థమైనట్టు తలూపింది. “సూపిచ్చుకో బిడ్డా. ఇరవై ఏండ్లంటే పాతది కాక కొత్తదైతదా! దోషం ఏమన్న ఉంటే ఆమెనే సెప్తది. గప్పుడే కలుపు.” గంపలోంచి రెండు దోసిళ్ల బంతిపూలు తీసి జాడీ మెడచుట్టూ పెట్టింది. కొన్ని జారి వార్నీషుకు అంటుకున్నాయి. వెనకనుంచి చేతులు సాగాయి. ఎవరో కుంకుమ పెట్టారు. ఎవరో కళ్లకద్దుకున్నారు. వెంకటేశం మళ్లీ నోరు తెరిచాడు. “మాట్లాడకు, ఏడుపొస్తే ఏడువు” అన్నారు నలుగురు. ఏడుపు నిజంగానే వచ్చేట్టు ఉంది.

మిర్యాలగూడలో దిగనిచ్చినా వదిలిపెట్టలేదు. కండక్టర్ స్వయంగా దిగి ధన్‌సింగ్ అనే ఆటో అతన్ని పిలిచి, వాడపల్లికి బేరం చేసి, జాడీనీ వెంకటేశాన్నీ ఎక్కించాడు. బస్సు కిటికీల్లోంచి చేతులు ఊపారు. మొదటి మలుపు తిరగ్గానే వెంకటేశం, “ఫంక్షన్ హాల్ కాడ ఆపు” అన్నాడు.

ధన్‌సింగ్ అద్దంలోంచి చూశాడు. “పెద్దనాయినా, దావత్ ఏడికి పోతది? మొదలు కలిపి రా, తర్వాత తిందువు.”

“దావత్ కాదు. పనున్నది.”

“సరే, పో. నేను గీడనే ఉంట. మధ్యల ఇడిసిపెట్టిపోతే నాకు పాపం” అని గేటు ముందు ఇంజను ఆపి కూర్చున్నాడు.

హాల్లో పెళ్లి బల్లల మీద తెల్లగుడ్డలు పరిచి ఉన్నాయి. పదిహేను మంది దాకా వచ్చారు. అందరి సామాను కలిపినా రెండు బల్లలకు సరిపోతుంది. మూడు జాడీలున్నాయి, మూడూ మూడు రంగులు. కలిసిపోయే ప్రమాదం ఏమీ కనిపించలేదు. మత్తయ్య తన సాసరును పట్టుగుడ్డలో చుట్టుకుని ముందే కూర్చున్నాడు.

“ఏంటి వెంకటేశం గారూ, పూలూ కుంకుమా! జాడీని పూజలో పెట్టారా?” అన్నాడు మత్తయ్య. దగ్గరికొచ్చి ఫొటో చూశాడు. “అయ్యో, ఎవరండీ పోయింది?”

“ఎవలు పోలే.”

“మరి ఈయనెవరు?”

“తెల్వదు.”

మత్తయ్య కుర్చీ కొంచెం అవతలికి జరుపుకున్నాడు.

చూసే మనిషి పేరు నీరజ. ముప్పై దాటని అమ్మాయి. కళ్లద్దాలు, చేతికి తెల్ల గ్లౌజులు, చిన్న టార్చిలైటు. మత్తయ్య సాసరును రెండు నిమిషాలు చూసి, “బాగుంది సార్, ఎనభై ఏళ్లుంటుంది” అంది. మత్తయ్య మొహం పెట్రోమాక్సు లైటులా వెలిగింది. తర్వాత వెంకటేశం జాడీని బల్ల మీద పెట్టాడు. ఆ అమ్మాయి ఒక నిమిషం దాన్ని ముట్టుకోలేదు. చుట్టూ తిరిగింది. పడుకోబెట్టి అడుగు చూసింది. టార్చి వేసి పక్కన ఉన్న గీత మీద వేలితో పైనుంచి కిందికి రాసింది.

“అది ఓడల తాడు కట్టిన గుర్తు” అన్నాడు వెంకటేశం మెల్లగా.

“కాదు అంకుల్. అచ్చు రెండు ముక్కలూ కలిసిన గుర్తు. ఫ్యాక్టరీలో అచ్చులో పోస్తే ఈ గీత వస్తుంది, చేత్తో చేసినదానికి రాదు. మహా అయితే ముప్పై ఏళ్లు. హోటళ్లకు పచ్చళ్లు పంపే జాడీ.”

“నేను ఆ రోజు కోదాడలోనే అడుగు చూశానండీ” అన్నాడు మత్తయ్య వెనకనుంచి, ఓదార్పుగా.

బందరు ఓడ మునిగింది. వాడపల్లి పడవ మునిగింది. రెండేళ్లుగా తాడు గుర్తు చూసి తలూపిన రైతులందరూ వరసగా కళ్లముందు నిలబడ్డారు. వాళ్లలో సగం మందికి ఈ సంగతి ముందే తెలిసి ఉంటుందని వెంకటేశానికి అప్పుడు తట్టింది. జాడీ ఎత్తుకోబోయాడు.

“ఆగండి” అంది నీరజ. “పాతది కాదన్నాను. వద్దనలేదు. మా దగ్గర ఇంకో విభాగం ఉంది. ఈ కాలపు కళాకారులు చేసిన పింగాణీ, స్టూడియో పని అంటారు. సంతకం, ఊరు, తేదీ, అన్నీ వేశారు. నిన్నటి తేదీయే కదా ఇది?”

“నిన్నటిదే” అని ఒప్పుకున్నాడు వెంకటేశం.

ఆమె ఫారం తీసింది. “ఈ కాగితం ఎలా అంటించారు?”

“అంటియ్యలే. అంటుకున్నది.”

ఆమె రాసుకుంది. “ఈ చనిపోయినాయన మీకేమవుతారు?”

“ఏం కాడు. ఆయన్ని నేనెరుగ.”

ఆమె కలం ఆపి ఒక క్షణం ఆయన్నే చూసి, ఆ మాటను ఉన్నదున్నట్టు రాసుకుని కింద గీత గీసింది. “అయినా మరువలేని కుటుంబ సభ్యుల్లో మీ పేరు పెట్టుకున్నారు. పూలు?”

“బస్సుల జనం పెట్టిండ్రు. కుంకుమ గూడ వాళ్లే.”

“అంటే జనాన్ని కూడా పనిలో కలిపారు” అంది ఆమె, గొంతులో భక్తి. “ఇక్కడ సంతకం చెయ్యండి. కళాకారుడు అన్నచోట.”

వెంకటేశం కలం పట్టుకున్నాడు. తొమ్మిదేళ్లుగా ఎవరో ఒక తెలిసిన మనిషి తన కన్ను మంచిదంటే చాలనుకున్నాడు. ఇప్పుడు కన్ను సంగతి వదిలేసి చెయ్యి మంచిదంటున్నారు. సంతకం పెడితే అడిగేవాడు లేడు. కానీ ఆయన ఎదురుగా జాడీ మీద ఇంకో పేరు కూడా ఉంది.

“జాడీ నేను జెయ్యలేదమ్మా. పేర్లు కొట్టిపిచ్చింది మా ఆమె. ఆ ఆలోచన ఆమెదే. తర్వాత జరిగిందంతా దాన్ని దాసిపెట్టవోయి నేను జేసిన ఆగం.”

“అయితే కళాకారిణి ఆమే” అంది నీరజ. “ఫోన్ కలపండి.”

ఫోను స్పీకరులో పెట్టింది. అవతల కుట్టుమిషను చప్పుడు ఆగింది.

“ఏందయ్యా, పేరు కొట్టిపిచ్చినా పాయెనా జాడీ?” అంది సక్కుబాయి.

“నమస్తే అమ్మా, నేను హైదరాబాద్ నుంచి వచ్చిన నీరజను.”

“నమస్తే బిడ్డా. మొదలు గదొక్కటి సెప్పు. పాతదేనా, కాదా?”

“పాతది కాదమ్మా.”

“గట్లయితే ఆయన్ని జల్ది పంపు. చీకటి వడకముందే మిషిన్ లోపట వెట్టాలె.”

నీరజ మిగతాది చెప్పింది. జాడీ వేలానికి పోతుంది, పుస్తకంలో ఫొటో పడుతుంది, ఫొటో కింద సక్కుబాయి పేరు ఉంటుంది. వచ్చే నెలకు ఇలాంటివే ఇంకో పది కావాలి. ఇంట్లో సరుకు ఉందా?

అవతల కత్తెర కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత, “అర్ర నిండ ఉన్నది” అని వినిపించింది. గొంతు సక్కుబాయిదే గానీ వెంకటేశం ఎన్నడూ వినని గొంతు.

జాడీ లేకుండా బయటికొచ్చిన వెంకటేశాన్ని చూసి ధన్‌సింగ్ గాభరాగా లేచాడు. “ఏడ పెట్టినవ్ పెద్దనాయినా?”

“లోపట ఒకామెకు ఇచ్చిన.”

ధన్‌సింగ్ చెంపలు వేసుకుని, కిరాయి కూడా అడక్కుండా ఆటో తిప్పుకుని పోయాడు.

ఇంటికొచ్చేసరికి పొద్దు గూకుతోంది. మాటంటే మాటే. వెంకటేశం కాళ్లు కూడా కడుక్కోకుండా అర్రలోకి పోయి, ఫ్యూజుల డబ్బా ఒక చంకలో, చెవిలేని కప్పుల బుట్ట ఇంకో చంకలో పెట్టుకుని వచ్చాడు. గడపలో సక్కుబాయి అడ్డంగా నిలబడింది.

“ఏడికి?”

“బయటికి. పందెం ఓడిన కదా.”

“లోపట పెట్టు. అవి పని మీదున్నయ్.”

“మరి మిషిన్?”

“గాడనే ఉంటది. లోపట ఇంకో పది జెయ్యనీకి నాకు జాగ కావాలె” అంది. కొంచెం ఆగి, “ఇగ నుంచి అర్రలకు పోయేటప్పుడు నన్నడిగి పో” అంది.

వెంకటేశం డబ్బాను, బుట్టను ఎక్కడివక్కడ పెట్టి వచ్చాడు. ఆమె వసారాలో మిషను పక్కన రెండు కంచాలు పెట్టింది. అన్నం, పప్పుచారు, వేయించిన దొండకాయ. జల్లు మొదలైంది. ఇద్దరూ కంచాలు ఒళ్లోకి తీసుకుని, గోడకు దగ్గరగా జరిగి, తలుపేసి ఉన్న అర్రవైపు చూస్తూ తిన్నారు.

పందెం ఇద్దరూ ఓడిపోయారు, అర్రను పెంకులు గెలుచుకున్నాయి.